ఓడ డెక్కు ప్యానెళ్ల బలపరీక్ష: ఒక పరీక్షాశాల సేవపై సమీక్ష

చిన్న గస్తీ నౌకలకు డిజైన్లు చేసే మా కార్యాలయం, స్టిఫెనర్లు (ప్లేటు వంగకుండా వెల్డ్ చేసే నిలువు పట్టీలు) వేసిన ఉక్కు ప్యానెళ్లను రెండు కొసల నుంచి కూలేదాకా నొక్కి చూసే పనిని ఇటీవల తూర్పు తీరంలోని ఒక పరీక్షాశాలకు అప్పగించింది. ఒప్పందంలో గోప్యతా నిబంధన ఉన్నందున ఆ సంస్థ పేరుగానీ, మా ప్యానెళ్లు మోసిన అసలు భారాల అంకెలుగానీ ఇక్కడ రాయడం కుదరదు. అయితే ఇటువంటి సేవను కొనదలచినవారు ముందుగా ఏమి అడగాలో, చేతికి వచ్చిన నివేదికలో ఏమి వెతకాలో చెప్పడానికి ఆ రెండూ అవసరం లేదు. నా అభిప్రాయం మొదటే చెబుతాను. ప్యానెల్ ఎంత భారం దగ్గర కూలిందన్న ఒక్క అంకె కోసమే అయితే ఈ పరీక్షకు డబ్బు పెట్టడం దండగ. భారం వేయకముందు ఆ ప్యానెల్ ఏ ఆకారంలో ఉన్నదో, దాని ఉక్కు నిజంగా ఎంత గట్టిదో, దాని కొసలను ఎలా పట్టి నిలిపారో కొలిచి రాసిపెట్టని పరీక్షాశాల ఇచ్చే అంకె తరువాతి ఏ లెక్కకూ ఆధారంగా నిలవదు. ఆ కొలబద్దతో చూసినప్పుడు మేము వాడుకున్న సేవ కొలతల్లో మేలైనది, కొసల పట్టు విషయంలో మొదట తడబడి తరువాత దిద్దుకున్నది, నివేదిక రాయడంలో మాత్రం ఇంకా చాలా నేర్చుకోవలసినది.

నమూనాల కొలతల్లో దాచవలసినది ఏమీ లేదు, ఈ తరగతి ఓడల్లో అటువంటి ప్యానెళ్లు సర్వసాధారణం. ప్లేటు మందం 6 మి.మీ., వెడల్పు 2,000 మి.మీ. దానిమీద 500 మి.మీ. దూరాన ఒకటి చొప్పున నాలుగు ఫ్లాట్ బార్ (చదునైన పట్టీ) స్టిఫెనర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 80 మి.మీ. ఎత్తు, 8 మి.మీ. మందం. స్టిఫెనర్లకు అడ్డంగా వచ్చే పెద్ద దూలాల, అంటే అడ్డ ఫ్రేముల, మధ్య దూరం 1,200 మి.మీ. ఉక్కు సాధారణ ఏ గ్రేడు, అంటే కనీస యీల్డ్ ప్రతిబలం (ఉక్కు తిరిగి కోలుకోకుండా రూపుమారడం మొదలయ్యే లోపలి ఒత్తిడి) 235 మెగాపాస్కళ్లు. అడ్డుకోత వైశాల్యం మొత్తం 14,560 చదరపు మిల్లీమీటర్లు అవుతుంది కనుక, బక్లింగ్ (నొక్కుడుకు రేకు పక్కకు ఉబ్బి ముడుచుకోవడం) అనేదే లేకుండా ఉక్కంతా ఒకేసారి యీల్డ్ అయ్యేటట్లయితే ఈ ప్యానెల్ దాదాపు 3.4 మెగాన్యూటన్లు, అంటే సుమారు 350 టన్నులు మోయాలి. నిజానికి అంత మోయదు. స్టిఫెనర్ల నడుమ ఉన్న పలుచని ప్లేటు చాలా ముందుగానే పక్కకు ఉబ్బుతుంది. ఓడ పక్కరేకులను దృష్టిలో పెట్టుకొని బ్రిటిష్ గణితవేత్త జి.హెచ్. బ్రయాన్ 1891లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, ఏ వంపూ లేని ఆదర్శమైన ప్లేటు అయినా ఈ కొలతలకు దాదాపు 107 మెగాపాస్కళ్ల దగ్గరే ఉబ్బడం మొదలుపెడుతుంది, అది యీల్డ్ ప్రతిబలంలో సగం కూడా కాదు.

అంతమాత్రాన ప్యానెల్ కూలిపోదు, అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఉబ్బిన తరువాత ప్లేటు నడిమి భాగం భారం మోయడం తగ్గించి, స్టిఫెనర్లకు దగ్గరగా ఉన్న పట్టీలమీదికి దాన్ని నెట్టివేస్తుంది. ఎంత వెడల్పు ఇంకా పనిచేస్తున్నదో చెప్పడానికి ఓడల నిర్మాణ నిపుణుడు డగ్లస్ ఫాక్నర్ 1975లో ఇచ్చిన చిన్న సూత్రాన్ని మా వంటి కార్యాలయాల్లో నేటికీ వాడుతున్నాము. ప్లేటు వెడల్పును మందంతో భాగించి, వచ్చినదాన్ని యీల్డ్ ప్రతిబలానికీ యంగ్ గుణకానికీ (ఉక్కు సాగకుండా ఎదిరించే గుణపు కొలతకు) ఉన్న నిష్పత్తి వర్గమూలంతో హెచ్చిస్తే బీటా అనే సంఖ్య వస్తుంది. 2ను బీటాతో భాగించి, అందులోంచి 1ని బీటా వర్గంతో భాగించగా వచ్చినదాన్ని తీసివేస్తే పనిచేసే వెడల్పు వంతు తేలుతుంది. మా ప్యానెల్‌కు బీటా 2.8, పనిచేసే వెడల్పు 58 శాతం. తుప్పుపట్టి ప్లేటు 5 మి.మీ.కి దిగితే ఆ వెడల్పు 50 శాతానికి పడిపోతుంది. మందంలో ఆరో వంతే పోయినా ప్లేటు మోసే భారంలో నాలుగో వంతుకు పైగా పోతుందన్నమాట. పాత ఓడల ప్లేట్ల మందం కొలిచేవారు ‘పదిహేడు శాతమే కదా తగ్గింది’ అని తేలికగా అనడం విన్నప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తుకు వస్తుంది.

ఇంత చక్కని సూత్రాలు ఉండగా ఖర్చుపెట్టి పరీక్షించడం ఎందుకన్న ప్రశ్న మా కార్యాలయంలోనే వచ్చింది. అది న్యాయమైన ప్రశ్నే. ఓడకు క్లాస్ ఆమోదం, అంటే ఓడలను ధ్రువీకరించే వర్గీకరణ సంస్థ ఆమోదం, తీసుకోవడానికి ఈ పరీక్ష అవసరం లేదు. నియమాల పుస్తకంలోని సూత్రాలతోగానీ, వాటి తోడుగా వచ్చే సాఫ్ట్‌వేర్‌తోగానీ పని జరిగిపోతుంది. కానీ ఆ సూత్రాలు గాలిలోంచి పుట్టలేదు. వేల్స్‌లోని బ్రిటానియా రైలు వంతెన కోసం ఇంజనీరు విలియం ఫేర్‌బేర్న్ 1845లో లండన్‌లోని మిల్వాల్‌లో మొదలుపెట్టిన గొట్టాల పరీక్షల్లో పలుచని ఇనుప రేకు పైభాగాన ముడతలుపడి కూలిపోవడం కళ్లారా చూసినప్పటినుంచి, స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో యుద్ధనౌకల పూర్తి పరిమాణపు ప్యానెళ్లను నొక్కి పరిశోధకుడు సి.ఎస్. స్మిత్ 1975లో ఫలితాలు ప్రకటించేదాకా, ఈ విద్య విరిగిన ఉక్కును చూసే ముందుకు సాగింది. మా ఇబ్బంది ఏమిటంటే 6 మి.మీ. వంటి పలుచని ప్లేట్లలో వెల్డింగ్ వంపులు సూత్రాలు ఊహించిన హద్దుల్లో ఉంటాయన్న హామీ లేదు. భారం పెరిగేకొద్దీ ఆకారం, ఉక్కు తీరు మారడాన్ని కూడా లెక్కలోకి తీసుకుని మేము కంప్యూటర్‌లో చేసే అరేఖీయ విశ్లేషణ సరైన దారిలో ఉన్నదో లేదో తెలుసుకోవడానికి మా కొలతలకు సరిపోయే ఒక గట్టి ఆధారం కావలసివచ్చింది.

బక్లింగ్ లెక్క ఒకచోట లోపిస్తే ఏమవుతుందో పెద్ద ఓడలు చూపించాయి. 2007 జనవరి 18న ఇంగ్లిష్ ఛానల్‌లో ఎం.ఎస్.సి. నాపోలీ అనే కంటైనర్ ఓడ పొట్టు ఇంజన్ గది దగ్గర దెబ్బతిన్నది. సరిగ్గా పొడవు దిశలో స్టిఫెనర్లు ఉన్న నిర్మాణం అడ్డ ఫ్రేముల నిర్మాణంగా మారే చోట. ఓడ నడిమి భాగానికి కోరినట్టుగా ఆ భాగానికి బక్లింగ్ లెక్కలను అప్పటి నియమాలు కోరలేదన్నది దర్యాప్తులో తేలిన ముఖ్యాంశం. 2013 జూన్ 17న యెమెన్ తీరానికి దూరంగా హిందూ మహాసముద్రంలో ఎం.ఓ.ఎల్. కంఫర్ట్ రెండుగా విరిగిపోయింది. కట్టి అయిదేళ్లే అయిన ఆ ఓడ విషయంలో దర్యాప్తు చూపు అడుగు ప్లేట్ల బక్లింగ్ మీదికే వెళ్లింది. రెండుచోట్లా నావికులందరూ బతికి బయటపడ్డారు. ఈ రెండూ మా ఓడలకన్నా ఎన్నో రెట్లు పెద్దవి, మా ప్లేట్లు వాటికన్నా ఎంతో పలుచనివి. అయినా రేకు ముడుచుకునే తీరు రెంటిలోనూ ఒకటే.

ఇక సేవ సంగతి. నమూనాలను పరీక్షాశాల తానే తయారుచేయదు, బయటి ఫ్యాబ్రికేటర్ చేత చేయించి పంపాలి. ఇది మొదట అసౌకర్యంగా అనిపించినా సరైన పద్ధతేనని నా ఉద్దేశం. ఎందుకంటే పరీక్షించవలసింది ఓడలో వచ్చే వెల్డింగును; పరీక్షాశాలలో ఎంతో ముద్దుగా చేసిన వెల్డింగును పరీక్షించి ప్రయోజనం లేదు. నమూనాలు చేరిన వెంటనే అక్కడి కొలతల విభాగంవారు ఒక ప్యానెల్ వెనుకవైపు నీలిరంగు మచ్చలు గమనించి, దీన్ని మంటతో సరిచేశారా అని మాకు ఉత్తరం రాశారు. ఫ్యాబ్రికేటర్‌ను అడిగితే, ప్లేటు బక్కచిక్కిన ఎద్దు డొక్కలా కనబడుతున్నదని, చూపుకు బాగుండాలని గ్యాస్ టార్చ్‌తో లైన్ హీటింగ్ చేశామని ఒప్పుకున్నారు. వంపు తగ్గితే బలం పెరగాలి కదా అని అనుకోవచ్చు. కానీ ఆ వేడి, వెల్డింగు చల్లారాక ఉక్కులో మిగిలిపోయే లాగుడు, నొక్కుడుల (అవశేష ప్రతిబలాల) పంపిణీని మార్చేస్తుంది, కాబట్టి ఆ నమూనా ఇక మిగతావాటి జాతి కాదు. ఆ ఒక్క ఉత్తరంతో వారిమీద నాకు నమ్మకం కుదిరింది. నమూనాను వెంటనే యంత్రంలో పెట్టి నొక్కి బిల్లు వేయడమే పనిగా పెట్టుకున్నవారు ఆ మచ్చలను చూసేవారు కాదు.

ఆకారపు కొలతలు ఈ సేవలో అన్నిటికన్నా మెచ్చుకోదగినవి. లేజర్ స్కానర్‌తో ప్లేటు మొత్తాన్ని, స్టిఫెనర్ల రెండు పక్కలను స్కాన్ చేసి, మూడు రకాల వంపులను విడదీసి ఇస్తారు: స్టిఫెనర్ల మధ్య ప్లేటు ఉబ్బు, ఫ్రేముల మధ్య స్టిఫెనర్ నిలువు వంపు, స్టిఫెనర్ పక్కకు ఒరిగిన కోణం. గరిష్ఠ వంపు ఇంత అని ఒక్క అంకె చెప్పి ఊరుకోకుండా, ప్లేటు పొడవునా ఉబ్బును తరంగ భాగాలుగా విడగొట్టి ఇవ్వడం నాకు బాగా నచ్చింది. వెల్డింగు వల్ల వచ్చే ఉబ్బు సాధారణంగా ఒకే పెద్ద గిన్నె ఆకారంలో స్టిఫెనర్ వైపుకు ఉంటుంది. అదే ప్లేటు నొక్కుడుకు లోనైనప్పుడు, పొడవు వెడల్పుకు దాదాపు రెండున్నర రెట్లు ఉన్న మా గడుల్లో (స్టిఫెనర్లూ ఫ్రేములూ చుట్టిన ప్లేటు ముక్కల్లో), రెండు మూడు చిన్న అలలుగా ముడుచుకోవాలని చూస్తుంది. ఆ చిన్న అలల రూపంలో తొలి వంపు ఏ కొంచెం ఉన్నా అది బలాన్ని తగ్గిస్తుంది. పెద్ద గిన్నె ఆకారం మాత్రం చూడడానికి అసహ్యంగా ఉన్నా అంత హాని చేయదు, కొన్నిసార్లు చిన్న అలలను కొంతసేపు అడ్డుకుంటుంది కూడా. అందువల్ల గరిష్ఠ వంపు అన్న ఒక్క అంకె మీద ఆధారపడి ప్యానెల్‌ను మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పడం పొరపాటు.

పోల్చుకోవడానికి ఒక కొలమానం ఉంది. స్మిత్, ఆయన సహచరులు 1988లో ప్లేటు ఉబ్బును స్వల్పం, సగటు, తీవ్రం అని మూడు మెట్లుగా విడదీశారు. బీటా వర్గాన్ని మందంతో హెచ్చించి, దానిలో 0.025, 0.1, 0.3 వంతులు వరుసగా తీసుకోవాలి. మా ప్లేటుకు అవి సుమారు 1.2, 4.8, 14 మిల్లీమీటర్లు. మా నమూనాల్లో ఎక్కువ గడులు సగటు మెట్టు చుట్టూనే ఉన్నాయి, కొసల దగ్గరి ఒకటి రెండు గడులు మాత్రం దాన్ని దాటాయి. డిజైను లెక్కలో మేము అన్ని గడులకూ సగటు మెట్టునే వేసుకున్నాము కనుక ఈ తేడా ఎక్కడ బయటపడుతుందో చూడాలన్న ఆసక్తి అప్పుడే కలిగింది.

ఉక్కు గుణాల పరీక్ష మామూలుగా జరిగింది. అదే ప్లేటులోంచి, అదే ఫ్లాట్ బార్‌లోంచి ముక్కలు కోసి ఐ.ఎస్. 1608 ప్రకారం లాగి చూశారు. ఉక్కు మిల్లు ఇచ్చే పరీక్షా పత్రం (మిల్ టెస్ట్ సర్టిఫికెట్) చాలదా అని మా కొనుగోలు విభాగం అడిగింది. చాలదు. 235 మెగాపాస్కళ్లు అన్నది కనీస హామీ మాత్రమే, అసలు విలువ 280, 300 దాకా పోవడం మామూలే. పైగా వేగంగా లాగి కొలిచిన యీల్డ్, నిదానంగా లాగినదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. కూలిన భారాన్ని 235తో చేసిన లెక్కతో పోల్చి, మన లెక్క ఎంతో జాగ్రత్తైనదని సంబరపడే నివేదికలు నేను చూశాను. అది లెక్క గొప్పతనం కాదు, మిల్లు దయ. యంత్రం సామర్థ్యాన్ని కూడా ఈ అసలు విలువతోనే సరిచూసుకోవాలి. ఇక్కడి యంత్రం 5 మెగాన్యూటన్ల దాకా నొక్కగలదు. మా ప్యానెల్ యీల్డ్ 300 అనుకున్నా దాని పూర్తి బలం 4.4 మెగాన్యూటన్లకు మించదు గనుక సరిపోయింది.

అవశేష ప్రతిబలాల దగ్గర సేవ కొంత వెనుకబడింది. వెల్డింగు గీతకు ఇరువైపులా సన్నని పట్టీ యీల్డ్ దాకా లాగుడులో ఉంటుంది, దాన్ని సరితూచడానికి ప్లేటు నడిమి భాగమంతా నొక్కుడులో ఉంటుంది. లాగుడు పట్టీ ఒక్కో వైపు మందానికి మూడున్నర నుంచి నాలుగున్నర రెట్లు అనుకుంటే, మా ప్లేటు నడుమ ఉండే నొక్కుడు యీల్డ్‌లో 9 నుంచి 12 శాతం దాకా తేలుతుంది. ఉబ్బడం 107 మెగాపాస్కళ్ల దగ్గర మొదలయ్యే ప్లేటులో, ఏ భారమూ వేయకుండానే ఇరవై పైచిలుకు మెగాపాస్కళ్లు ఖర్చయిపోయి ఉండడం చిన్న విషయం కాదు. దీన్ని కొలవడానికి వారు ముక్కలుగా కోసే పద్ధతి వాడతారు. ప్లేటును సన్నని పట్టీలుగా కోసి, ముందూ వెనుకా పొడవులు కొలిచి, విడుదలైన వికృతిని (పొడవు ఎన్నో వంతు మారిందో దాన్ని) బట్టి ప్రతిబలం లెక్కకడతారు. పద్ధతి పాతదే అయినా నమ్మదగినది. కాకపోతే దానికి ఒక నమూనాను బలిపెట్టాలి, రుసుము వేరుగా కట్టాలి, ఈ సంగతి మొదటి ధరల పత్రంలో లేదు. ఆ కోత కోసం, మంటతో సరిచేసిన ఆ నమూనాను ఇచ్చి సరిపెడదామని మావారిలో ఒకరు అన్నారు. పరీక్షాశాలవారే వద్దన్నారు. వారు చెప్పింది సబబు.

కొసల పట్టు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి ప్రతిపాదనలో వారు రెండు ఫ్రేముల నడిమి ఒకే గడి (ఇక్కడ గడి అంటే ప్యానెల్ పూర్తి వెడల్పు) ఉన్న ప్యానెల్‌ను, రెండు కొసలనూ కీలు మీద నిలిపి నొక్కుతామన్నారు. యంత్రానికి అది సులువు, నమూనా కూడా చవక. అయితే ఓడలో ప్యానెల్ ఒకే గడితో ముగిసిపోదు, ఫ్రేముల మీదుగా సాగిపోతుంది. ఒక గడి ప్లేటు వైపుకు వంగితే పక్క గడి స్టిఫెనర్ వైపుకు వంగుతుంది. ఒకటి కూలబోతున్నప్పుడు రెండోది దాన్ని కొంత పట్టి ఉంచుతుంది. ఒకే గడి పరీక్షలో ఈ సాయం ఉండదు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ప్లేటు ఉబ్బి దాని పనిచేసే వెడల్పు తగ్గగానే అడ్డుకోత తటస్థ అక్షం (భారం సమతూకంగా పడే మధ్యరేఖ) స్టిఫెనర్ వైపుకు జరుగుతుంది. కీలు మాత్రం మొదట పెట్టినచోటే ఉంటుంది. అక్కడినుంచి భారం కేంద్రం తప్పి పడుతూ, ఓడలో లేని వంపును పరీక్షలో పుట్టిస్తుంది. అప్పుడు వచ్చే అంకె ప్యానెల్ బలాన్ని చెప్పదు, కీలు పెట్టిన చోటును చెబుతుంది. మేము అభ్యంతరం చెప్పాక, నడుమ ఒక పూర్తి గడి, రెండు వైపులా సగం గడులు, నిజమైన అడ్డ ఫ్రేములు ఉన్న అమరికకు వారు ఒప్పుకున్నారు. నమూనా పొడవు 2,400 మి.మీ. అయింది, ఖర్చు పెరిగింది. ఈ అమరికను ఇక ముందు అందరికీ మొదటి ప్రతిపాదనగానే ఇవ్వాలి. అడిగినవారికే ఇవ్వడం సబబు కాదు.

పక్క అంచుల సంగతి కూడా ఇటువంటిదే. ఓడలో పక్కన ఇంకా ప్లేటు ఉంటుంది కాబట్టి అంచు నిటారుగా నిలుస్తుంది. పరీక్షలో ఆ అంచు ఖాళీగా వేలాడుతుంది. మా నమూనాలో చివరి స్టిఫెనర్‌కు అవతల 250 మి.మీ. ప్లేటు ఉంది. వదిలేస్తే ఆ భాగమే అందరికన్నా ముందు ముడుచుకుని ఫలితాన్ని కిందికి లాగేది. ముక్కలు ముక్కలుగా చేసిన పట్టు కడ్డీలతో ఆ అంచులను పట్టి, పొడవు దిశలో మాత్రం అవి స్వేచ్ఛగా కుంచించుకునేలా వదిలారు. పట్టు కడ్డీ ఒకే ముక్కగా ఉంటే అది కూడా భారంలో పాలుపంచుకుని అంకెను పెంచేది. ఈ ఏర్పాటు వారికి ముందునుంచే ఉంది, పనితనం శుభ్రంగా ఉంది.

పరీక్ష నాటి క్రమం బాగుంది. ముందు చిన్న భారం వేసి, ఉక్కు సాగుదల, కుదింపులను కొలిచే స్ట్రెయిన్ గేజుల రీడింగులు అడ్డుకోత అంతటా సమానంగా ఉన్నాయో లేదో చూశారు. తేడా ఉన్నచోట కొసకూ యంత్రం పళ్లేనికీ మధ్య సర్దుబాటు చేసి మళ్లీ వేశారు. సరిచూసుకున్నాక చెప్పుకోదగ్గ భారం దాకా వెళ్లి దిగి వచ్చారు. ఓడ సముద్రంలో కొన్ని అలలు తిన్నాక అవశేష ప్రతిబలాలు కొంత సడలినట్లే, ఇక్కడా కొంత సడలింపు వస్తుంది. ఆ సడలింపు ఉండాలా వద్దా అన్నది మీ అవసరాన్ని బట్టి ముందే నిర్ణయించుకోవలసిన విషయం. వారు మమ్మల్ని అడిగే చేశారు. గేజులను ప్లేటుకు రెండు వైపులా ఎదురెదురుగా అంటించడం వల్ల, రెంటి సగటు నొక్కుడును, రెంటి తేడా వంపును చూపుతాయి. భారం పెరుగుతుండగా ఒక జంట గీతలు విడిపోవడం మొదలైన క్షణమే ఆ గడిలో ప్లేటు ఉబ్బుతున్నదని తెరమీద తెలిసిపోతుంది. ప్లేటు మీద తెల్లరంగు వేసి నల్లచుక్కలు చల్లి కెమెరాలతో ఉపరితలం కదలికను కొలిచే ఏర్పాటు కూడా ఉంది. స్టిఫెనర్లు లేని వైపు నుంచి అది అద్భుతంగా పనిచేసింది. స్టిఫెనర్ల వైపు మాత్రం ఒకదాని నీడ మరొకదాని మీద పడి కొంత సమాచారం పోయింది, అక్కడ కదలికను కొలిచే పాతకాలపు డిస్‌ప్లేస్‌మెంట్ ట్రాన్స్‌డ్యూసర్లే ఆదుకున్నాయి.

యంత్రాన్ని భారం ప్రకారం నడపకుండా, కొసల దగ్గరింపు (రెండు కొసలు ఎంత దగ్గరకు వచ్చాయన్న కొలత) ప్రకారం నడిపారు. ఇది చాలా ముఖ్యం. భారం ప్రకారం నడిపితే గరిష్ఠ భారపు శిఖరం దాటిన క్షణంలో ప్యానెల్ ఢామ్మని కూలిపోతుంది, శిఖరం తరువాతి గీత మనకు దొరకదు. ఓడ పొట్టు మొత్తం బలం లెక్కకట్టే పద్ధతికి, స్మిత్ 1977లో చూపిన దారిలో, ఆ దిగుడు గీత కూడా కావాలి. ఎందుకంటే ఒక ప్యానెల్ కూలి తన భారాన్ని వదిలేస్తుండగా పక్క ప్యానెల్ దాన్ని ఎత్తుకోవాలి. శిఖరానికి దగ్గరగా కొన్నిచోట్ల దగ్గరింపును ఆపి, భారం దానంతట అది కొంత దిగి నిలిచేదాకా వేచి చూశారు. అలా నిలిచిన విలువే నిదానపు బలం. ఈ ఓపిక అందరికీ ఉండదు. నమూనాలన్నీ ఒకే తీరులో కూలలేదు. ఒకదానిలో నడిమి గడి స్టిఫెనర్ల బయటి అంచులు నొక్కుడుకు లోనై పక్కకు ఒరిగిపోయాయి, భారం నిట్టనిలువుగా పడింది. మరొకదానిలో ప్లేటు ముందు కుంగి, భారం నెమ్మదిగా వాలుగా దిగింది. శిఖరాల మధ్య పెద్ద తేడా లేదు, కానీ దిగుడు గీతలు రెండూ రెండు వేర్వేరు ఓడలకు చెందినట్లున్నాయి. మా లెక్కల్లో అన్ని గడులకూ సగటు వంపు వేసినప్పుడు ఈ తేడా కనబడనే లేదు. స్కాన్‌లో వచ్చిన ఆకారాన్ని ఉన్నదున్నట్లుగా ఎక్కించి, కోతలో తేలిన అవశేష ప్రతిబలాలు, అసలు యీల్డ్ పెట్టి నడిపితే కూలే తీరు, కూలే చోటు రెండూ కలిశాయి, భారం కూడా మేము ఆశించినదానికన్నా దగ్గరగా వచ్చింది. మేము పెట్టిన ఖర్చుకు దక్కిన అసలు సరుకు ఇదే.

ఇంత మంచి పనిని నివేదికలో మాత్రం పాడుచేసుకున్నారు. మొదట వచ్చిన ప్రతిలో శిఖర భారాల పట్టిక, కొన్ని ఫొటోలు, యంత్రం గొప్పతనం గురించి రెండు పేజీలు ఉన్నాయి. స్కాన్ ఫలితాలు చిన్న రంగుల బొమ్మలుగా కుదించబడి, అంకెలు చదవడానికి వీలులేకుండా ఉన్నాయి. ముడి సమాచారం ఫైళ్లు అడిగాకగానీ రాలేదు; వచ్చినవాటిలో గేజుల పేర్లు బొమ్మలోని పేర్లతో కలవలేదు. పరీక్షాశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ముద్ర నివేదిక మొదటి పేజీలో పెద్దదిగా ఉంది, అయితే ఆ గుర్తింపు లాగుడు పరీక్షకే వర్తిస్తుందని, ప్యానెల్ పరీక్షకు కాదని లోపల చిన్న అక్షరాల్లో ఉంది. ఆ గుర్తింపు పరీక్షను బట్టి ఇచ్చేదే. చదివేవారు మాత్రం గమనించుకోవాలి. భారాన్ని కొలిచే పరికరం (లోడ్ సెల్) సరిగా ఉందని చూపే క్యాలిబ్రేషన్ పత్రం జతచేశారు. అది చెల్లుబాటులో ఉన్నది, మా భారాల పరిధి మొత్తాన్ని కప్పింది.

రుసుము విషయంలో ఫిర్యాదు లేదు. నమూనా తయారీ, రవాణా, అవశేష ప్రతిబలాల కోత కలిపితే పరీక్ష రుసుముకన్నా అవే ఎక్కువయ్యాయని మాత్రం బడ్జెట్ వేసుకునేవారు గుర్తుంచుకోవాలి. గడువు కొంత జారింది. కొసలను పళ్లేనికి అతికించే నింపుడు పదార్థం (గ్రౌట్) గట్టిపడడానికి పట్టే కాలాన్ని, ఒక నమూనాను తిరిగి చేయించవలసివచ్చిన కాలాన్ని కలిపి చూస్తే ఆ జాప్యంలో సగం మావైపుదే.

ఈ సేవ చేయలేని పనులు కూడా ఉన్నాయి. అడుగు ప్యానెళ్ల మీద నొక్కుడుతోపాటు నీటి ఒత్తిడి కూడా పనిచేస్తుంది. అటువంటి పక్క ఒత్తిడిని కలిపి వేసే ఏర్పాటు ఇక్కడ లేదు. రెండు దిశల్లో ఒకేసారి నొక్కడం, కోత బలం (ప్లేటును పక్కలకు జరిపే షియర్ బలం) కలపడం కుదరవు. మళ్లీ మళ్లీ నొక్కి లాగే అలల భారాన్ని ఈ యంత్రంతో అనుకరించలేరు. ఎక్కువ యీల్డ్ ఉక్కుతో చేసిన మందపాటి ప్యానెళ్లకు 5 మెగాన్యూటన్లు చాలవు, వారు నమూనాను చిన్నదిగా చేయమంటారు. అలా చిన్నదిగా చేసినప్పుడు వెల్డింగు వంపులు అదే నిష్పత్తిలో చిన్నవి కావు, కాబట్టి ఆ మాటకు తొందరపడి ఒప్పుకోవద్దు. పలుచని ప్లేట్లతో డెక్కులు, పైకట్టడాలు చేసేవారికి, తమ లెక్కల పద్ధతిని ఒకసారి ఉక్కుతో సరిచూసుకోవాలనుకునే డిజైను కార్యాలయాలకు, పరిశోధక విద్యార్థులకు నేను ఈ సేవను నిస్సంకోచంగా చెబుతాను. ఆర్డరు ఇచ్చే ముందే మూడు షరతులు కాగితం మీద పెట్టించుకోవాలి: ఫ్రేముల మీదుగా సాగే నమూనా, దగ్గరింపు ప్రకారం నడిపే భారం, స్కాన్‌తో సహా ముడి సమాచారం మొత్తం. అడుగు ప్యానెళ్ల పరీక్ష కోసం వెళ్లేవారు మాత్రం, పక్క ఒత్తిడి వేసే నీటి సంచి ఏర్పాటు ఉన్న మరో చోటును వెతుక్కోవడం మేలు.